ఇద్దరి గేరు

ఈ మధ్య పాత సామాన్లు కొనేవాళ్ళు గొంతు చించుకుని అరవడం మానేశారు. ఆటో పైన ఒక మైకు కట్టి, ఎవరిదో రికార్డు చేసిన గొంతు పెట్టేస్తారు. అది పాత ఇనప సామాన్లు, విరిగిన కుర్చీలు, పాడైపోయిన ఫ్రిజ్జులు, పాత సైకిళ్ళు కొంటామని ఒకే రాగంలో చెప్పుకుంటూ పోతుంది, డ్రైవరు మాత్రం తన మానాన తాను ఫోను చూసుకుంటూ ఉంటాడు. బందరులో మేముండే వీధిలోకి ఆ ఆటో తరచుగా వస్తుంది. ఈ వానాకాలం మొదట్లో ఒక ఉదయం అది మా ఇంటి ముందుకు వచ్చేసరికి, వరండాలో కుర్చీలో కూర్చున్న మావారు ఎడమచెయ్యి పైకెత్తి దాన్ని ఆపారు. నేను లోపల కుక్కరు పెడుతున్నాను. రాగం ఆగిపోయినట్టు వినిపించి బయటికి వచ్చి చూస్తే, ఆ డ్రైవరు అప్పటికే మా గోడకు ఆనించి ఉన్న గేరు సైకిలు హ్యాండిలు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూస్తున్నాడు.

కిందటి ఏడాది పక్షవాతం వచ్చిన తరవాత మావారు తనంతట తాను చేసిన మొదటి పని అదే. అంతవరకు లేవమంటే లేవడం, తినమంటే తినడం, రబ్బరు బంతి చేతికిచ్చి నొక్కమంటే నొక్కడం తప్ప, ఫలానాది కావాలని ఆయన అడిగింది లేదు, ఫలానాది వద్దని కసిరింది లేదు. కాలు చాలావరకు దారికి వచ్చింది. మాట కొంచెం ముద్దగా ఉన్నా అర్థమవుతుంది. కుడిచెయ్యి మాత్రం తిమ్మిరి పట్టి అలాగే ఉండిపోయింది. పట్టుకోమంటే పట్టుకుంటుంది కానీ పట్టుకున్నదేమిటో దానికి తెలియదు. బొటనవేలికైతే అసలు స్పర్శే లేదు. వేడి గ్లాసు అంటుకున్నా తీసుకోరు, నేనే చూసి తీయాలి.

ఆ సైకిలు నాది, అమ్మను అని చెప్పేశాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు, ఎందుకంటే నేను జన్మలో సైకిలు తొక్కినదాన్ని కాదు. ఆ డ్రైవరు మా ఇద్దరి ముఖాలూ చూసి, "మీరూ మీరూ తేల్చుకోండమ్మా, నేను మళ్ళీ ఇటు వస్తాగా" అని మైకు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మావారు మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలారు.

ఇంట్లో జబ్బు మనిషిని పెట్టుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది. నేను గవర్నమెంటులో నర్సుగా చేసి రిటైరైన మనిషిని. ఊళ్ళు తిరిగి పిల్లలకు టీకాలు వేయడం, కడుపుతో ఉన్నవాళ్ళను చూసుకోవడం, పురుళ్ళు పోయడం నా ఉద్యోగం. ఎందరో ఏడుస్తుంటే పక్కన కూర్చుని నేనూ కళ్ళు తుడుచుకున్నదాన్నే. అలాంటిది మావారు పడిపోయిన రోజున నా కంట చుక్క నీరు రాలేదు. ఆ తరవాతా రాలేదు. ఆదివారం చర్చిలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేస్తే పక్క వరసలో ఆడవాళ్ళు ముక్కులు చీదుకునేవారు, నేను మాత్రం ఇంటికి వెళ్ళి ఏ మాత్ర ఇవ్వాలా అని ఆలోచించుకుంటూ చీర కుచ్చిళ్ళు సర్దుకునేదాన్ని. దుఃఖం లేదా అంటే ఉండే ఉంటుంది. ఆయన చేతికి వేడి తెలియనట్టే నాకు అది తెలియలేదు, అంతే. బీపీ చూడటం, మాత్రలివ్వడం, స్నానం చేయించడం, ఇవన్నీ డ్యూటీ చేసినట్టు చేసుకుపోయాను.

కానీ ఆ సైకిలు ఇంట్లోంచి పోతే ఆయన ఇక ఆ కుర్చీ దిగరని మాత్రం నాకు స్పష్టంగా తెలిసింది. ఎన్నో ఇళ్ళలో మంచాల పక్కన నిలబడినదాన్ని. మనిషి తన వస్తువుల్ని ఒక్కొక్కటే బయటికి పంపడం మొదలుపెట్టాడంటే ఆ తరవాత పంపేది ఎవర్నో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అసలు మా సంసారమే సైకిలు మీద నడిచింది. మా నాన్న పెడన దగ్గర పల్లెలో మిషను బడి పంతులు. నాకు నర్సు ట్రైనింగు అయ్యాక మొదటి పోస్టింగు దివిసీమలో పడిందని తెలిసినప్పుడు మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది. ఉప్పెన వచ్చి అప్పటికి కొన్నేళ్ళయినా, దివి అనగానే మా అమ్మ సముద్రం గుమ్మంలోకి వచ్చినట్టే భయపడేది. ఒంటరిగా పంపడం ఇష్టంలేకనే హడావిడిగా సంబంధం చూశారు. పాస్టరమ్మగారు తెచ్చిన సంబంధం అది. పెళ్ళికొడుకు గుడివాడలో రైసు మిల్లులో ఫిట్టరు. ఆయన చేసిన మొదటి పని, గుడివాడ మిల్లు మానేసి అవనిగడ్డలో మిల్లుకు మారడం. పెళ్ళాం ఉద్యోగం కోసం మొగుడు ఊరు మారడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. గుడివాడలో వాళ్ళ చుట్టాలు చాలాకాలం ఆయన్ని ఆట పట్టించారు. ఆయనకు ఆటపట్టిస్తే నవ్వడం తప్ప ఉడుక్కోవడం రాదు.

మిల్లులో పనికి వెళ్ళేముందు నన్ను నల్ల సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నా సెంటరు ఉన్న పల్లెకు దింపి, సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకెళ్ళేవారు. ఒళ్ళో టీకాల డబ్బా, అందులో ఐసు ముక్కలు, డబ్బా మూతలోంచి కారిన చల్లనీళ్ళతో తెల్లచీర తడిసి మోకాళ్ళు జివ్వుమనేవి. వానాకాలంలో కాలవగట్టు మీది నల్లమట్టి చక్రాలకు మెత్తుకుపోయి సైకిలు ముందుకూ పోయేది కాదు, వెనక్కీ పోయేది కాదు. అప్పుడు ఆయన సైకిలును భుజాన వేసుకుంటే నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నడిచేదాన్ని. నదికి అవతల ఎదురుమొండి వైపు వెళ్ళాల్సి వస్తే పంటు మీద సైకిలెక్కించి, ఆ పడవలో మనుషుల మధ్యా మేకల మధ్యా నిలబడి దాటేవాళ్ళం. నాకూ సైకిలు నేర్పుదామని ఒకసారి మిల్లులో ధాన్యం ఆరబోసే నాపరాళ్ళ మీద ఎక్కించారు. నేను సరాసరి వెళ్ళి వడ్లరాశిలోకి దూరాను. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు చేటలు కింద పడేసి నవ్వారు. మళ్ళీ నేను హ్యాండిలు పట్టలేదు. వెనక కూర్చోవడానికే పుట్టానని ఖాయం చేసుకున్నాను.

ఇక్కడ గాలి సంగతి చెప్పాలి. మా కృష్ణా డెల్టాలో ఎత్తూ పల్లం ఎక్కడివి? ఎత్తంటే కాలవ మీది వంతెన, పల్లమంటే రేవు, మిగతాదంతా అరిటాకు పరిచినట్టు ఉంటుంది. సైకిలు తొక్కేవాళ్ళకు ఇక్కడ గాలే కొండ. ఉదయం పూట గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది, మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీద నుంచి పైరగాలి లోపలికి వస్తుంది. పాలు పోసేవాళ్ళూ, చేపల తట్టలు కట్టుకుని తిరిగేవాళ్ళూ, పోస్టుమానూ, అందరూ దాన్నిబట్టే ప్రయాణం పెట్టుకునేవారు. ఎవరైనా ఎక్కడికైనా ఆలస్యంగా వస్తే, గాలి ఎదురుగా ఉందండీ అంటే చాలు, ఇక మారు ప్రశ్న వేసేవాళ్ళే లేరు. మా పెళ్ళికి ప్రార్థన చేయాల్సిన అయ్యగారే, పందిట్లో అందరం ఎదురుచూస్తుంటే చెమటలు కక్కుతూ వచ్చి ఆ మాటే చెప్పారు. వరి మడుల మధ్య చెట్టు ఆకు కదలడంలేదు. అయినా మా నాన్నతో సహా పెద్దలంతా, పాపం గాలి అని తలలూపారు. మావారు దానికి గాలికొండ అని పేరు పెట్టారు. ఇవాళ గాలికొండ ఎక్కుతున్నాం సిస్టరుగారూ, గట్టిగా కూర్చోండి అనేవారు. ఊళ్ళోవాళ్ళు నన్ను సిస్టరుగారూ అని పిలిచేవారు కనుక ఆయనా వేళాకోళానికి అలాగే పిలిచేవారు. చివరికి అదే నా పేరైపోయింది.

దివి నుంచి గుడివాడ వైపుకూ, అక్కడి నుంచి పెడనకూ, ఆఖరికి బందరు చుట్టుపక్కలకూ నాకు బదిలీలయ్యాయి. ఈలోగా లోకమంతా మోటారుబళ్ళు కొనేసింది. మా ఇంట్లోకి మాత్రం రాలేదు. మా మరిది గుడివాడ రోడ్డు మీద మోటారు సైకిలు మీద వెళ్తూ లారీ కింద పడి పోయాడు. సమాధి చేసి వచ్చిన రోజున మా అత్తగారు మోటారుబండి జోలికి పోనని పెద్దకొడుకు చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆమె పోయి చాలాకాలమైంది. ఆయన మాట తప్పలేదు. నల్ల సైకిలుకు తుప్పు పట్టి బారు విరిగిపోయే నాటికి ఆయనకు యాభై దగ్గరపడ్డాయి, నాకు నలభై దాటాయి. ఆడపడుచు కొడుకు గుడివాడలో ఇంటరు చదివేటప్పుడు ముచ్చటపడి గేరు సైకిలు కొనిపించుకుని, కాలేజీ మారగానే మోటారుబండి కొనిపించుకున్నాడు. ఆ సైకిలు వాళ్ళింటి మెట్ల కింద పడుంటే మావారు అడిగి తెచ్చుకున్నారు.

లావుపాటి టైర్లు, అడ్డంగా బారెడు హ్యాండిలు, దానికి కుడివైపొకటీ ఎడమవైపొకటీ బొటనవేలితో నెట్టే గేరు మీటలు. అలాంటి సైకిళ్ళకు వెనక క్యారియరు ఉండదు. ఆయన బందరులో వెల్డింగు షాపుకు తీసుకువెళ్ళి బరువు మోసే క్యారియరు అతికించి, మడ్‌గార్డులు వేయించి, వెనక నా చీర పడకుండా చక్రానికి జాలీ కూడా కట్టించారు. సూటు వేసుకున్న మనిషికి పైన తలపాగా చుట్టినట్టుండేది. కాలేజీ కుర్రాళ్ళు మమ్మల్ని దాటుకుని వెళ్తూ వెనక్కి తిరిగి మరీ చూసేవారు. దాని మీదే నా మిగిలిన సర్వీసంతా గడిచింది.

ఆ సైకిలుతో నాకు ఒకటే చిరాకు. నల్ల సైకిలు మీద ఆయన కాళ్ళు నిదానంగా, పెద్దమనిషి తరహాగా తిరిగేవి. దీని మీద ఎక్కగానే కుట్టుమిషను తొక్కినట్టు గబగబా తొక్కేవారు, బండి మాత్రం నత్తలా పాకేది. నాకు సిగ్గుగా ఉండేది. గేర్లు అన్ని ఉన్నాయి కదా, కాస్త గట్టిది వేసుకుని దర్జాగా తొక్కొచ్చు కదా అనేదాన్ని. గాలి సిస్టరుగారూ, గాలి అనేవారు ఆయన. గాలి అన్నాక నేను మాత్రం ఏం అంటాను? నేనూ ఇక్కడ పుట్టినదాన్నే. నేను బరువెక్కానేమో అని ఎప్పుడైనా అనుమానంగా అడిగితే, నువ్వేం బరువు, దూదిమూటవి, వెనక ఉన్నావో జారిపోయావో కూడా తెలియదు అనేవారు. అంగన్‌వాడీలో పిల్లల్ని రోజూ బరువు తూచి రాసిన మనిషిని, నేను మాత్రం ఆ మిషను ఎక్కేదాన్ని కాదు. దూదిమూట అన్న మాటే బాగుండేది.

మళ్ళీ ఇప్పటికి వస్తాను. ఆటో వెళ్ళిపోయాక, సైకిలు ఎందుకు అమ్మాలనుకున్నారని ఆయన్ని అడిగాను. ఆయన కుడిచెయ్యి ఎత్తి, బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూపించారు. గేరు మీట ఎక్కడుందో వేలికి తెలియదు, నెట్టానో లేదో తెలియదు, గేరు మధ్యలో ఇరుక్కుంటే చైను పడిపోతుంది, పడిపోతే నడిరోడ్డులో ఏం చేస్తాను అని ఆయన బాధ. మిల్లులో అంతంత యంత్రాలు విప్పి బిగించిన చెయ్యి అది. ఆయన అలా చూపించినప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. ఒక లెక్క మాత్రం తట్టింది. గేర్లే లేకపోతే బొటనవేలితో పనేముంది? కాలు బాగానే ఉంది, ఎడమచెయ్యి బ్రేకు వేయగలదు, వెనకటి నల్ల సైకిలుకు ఏ గేర్లున్నాయి? ఫిజియోథెరపీ అమ్మాయిని ఫోనులో అడిగితే, ఖాళీ రోడ్డు మీద నిదానంగా అయితే తొక్కవచ్చు ఆంటీ, మంచిదే అంది.

మర్నాడు నేను సైకిలు నడిపించుకుంటూ బయలుదేరాను. ఎక్కడికని ఆయన అడిగితే, గేర్లు పీకించడానికి అన్నాను. నువ్వొక్కదానివే వెళ్తే వాడు చేతికొచ్చింది బిగించి పంపిస్తాడు అని ఆయన చెప్పుల కోసం వెతుక్కున్నారు. ఫిట్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను ముందు సైకిలుతో, ఆయన వెనక చేతికర్రతో, కోనేరు సెంటరు దాకా నడిచాం. మధ్యలో రెండు చోట్ల అరుగుల మీద కూర్చున్నాం.

అక్కడి సైకిలు షాపాయన మంచివాడే కానీ నోరు ఊరుకోదు. చేసే పనికంటే మాటలెక్కువ. గేర్లు తీసేసి మామూలు సైకిలులా చేయమనగానే స్పానరు పక్కన పెట్టేశాడు. "గేర్లు పెట్టించుకునేవాళ్ళని చూశాను గానీ, తీయించుకునేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నానండీ అమ్మగారూ" అన్నాడు. మావారిని స్టూలు మీద కూర్చోబెట్టి నేను పక్కన నిలబడ్డాను. అతను మొదట హ్యాండిలు మీది మీటలు విప్పాడు, వాటికున్న తీగలు బొద్దింక మీసాల్లా లాగి కింద పడేశాడు, వెనక చక్రం దగ్గర చైనును అటూ ఇటూ జరిపే ఇనప కొక్కెం లాంటిది ఊడదీశాడు. ముందువైపున్న పళ్ళచక్రాలలో నడిమిది ఒక్కటి ఉంచుతానన్నాడు. వెనకవైపుది మాత్రం కదల్లేదు. సముద్రం దగ్గర ఊరు కదా, ఉప్పుగాలికి అది అక్కడే పాతుకుపోయింది. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, చివరికి పైపు తగిలించి తిప్పితే ఊడి వచ్చింది. చిన్నదాని మీద పెద్దది చొప్పున పేర్చిన పళ్ళచక్రాల గుత్తి అది. గోనెపట్టా మీద పెట్టి గుడ్డతో తుడిచి, పైకెత్తి వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఇదేంటండీ, పెద్ద చక్రం ఒక్కటే అరిగిపోయింది, మిగతావన్నీ కొత్తవాటిలా ఉన్నాయి? ఇది కొండలెక్కే గేరండీ. బందరులో కొండలెక్కడున్నాయి? ఎవరో గేరు మార్చడం తెలియనోళ్ళు తొక్కారు దీన్ని" అన్నాడు.

చేతిలోకి తీసుకుని చూశాను. చిన్న చక్రాల పళ్ళు తుప్పు పట్టి ఉన్నాయి కానీ మొద్దుగా, నిండుగా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదాని పళ్ళు మాత్రం సన్నబడి, ఒక పక్కకు వాలి, కొనలు సూదుల్లా తేలి ఉన్నాయి. నేను మావారి వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నారు. మిల్లులో బెల్టు శబ్దం విని ఏది వదులైందో చెప్పే మనిషికి గేరు మార్చడం తెలియదా?

అప్పుడు నాకు నా కొంగు గుర్తుకొచ్చింది. ఎంత దోపుకున్నా సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఊడిపోయి, ముందుకు ఎగిరి, ఆయన భుజం మీద పడుతూ ఉండేది. నేను లాక్కుని మళ్ళీ దోపుకునేదాన్ని, మళ్ళీ వెళ్ళి ఆయన భుజం మీదే పడేది. కొంగు ముందుకు ఎగిరిందంటే గాలి మా వెనక నుంచే వస్తోందన్నమాట. అది కళ్ళముందు ఆయన భుజం మీద రెపరెపలాడుతుండగానే, గాలి ఎదురుగా ఉంది అని ఆయన అనేవారు, నేను నమ్మేదాన్ని. ఒక్కరోజు కాదు, నేను రిటైరయ్యేదాకా నమ్మాను. ఆ తరవాత ఆదివారాలు చర్చికి వెళ్ళేటప్పుడూ నమ్మాను. ఆయన లాగింది గాలిని కాదు, నన్ను. యాభైలు దాటిన మోకాళ్ళతో, ఒళ్ళు చేసిన పెళ్ళాన్ని, టీకాల డబ్బాను, సంచిలో కూరగాయలను.

నాకు కోపం వచ్చింది. అన్ని నెలల తరవాత నాకు తెలిసిన మొదటి సంగతి అదే, ముఖమంతా వేడెక్కిపోయింది. బరువుగా ఉన్నావని ఒక్కమాట అంటే నేను ఆటో ఎక్కి వెళ్ళేదాన్ని కదా, తిండైనా తగ్గించేదాన్ని కదా, కుట్టుమిషనని ఆయన్ని వేళాకోళం చేయకుండానైనా ఉండేదాన్ని కదా! షాపులో పరాయివాడున్నాడని కూడా చూడలేదు.

"గాలి గాలి అన్నారు కదండీ!" అన్నాను.

ఆయన నావైపు తిరగలేదు. ముద్దగా, పదం పదం కూడబలుక్కుని, "గాలి కూడా ఉందిలే" అన్నారు.

షాపాయనకు ఇదేమీ పట్టలేదు. లోపలికి వెళ్ళి విడి చక్రాలు రెండు తెచ్చి గోనె మీద పెట్టాడు. ఒకదానికి పళ్ళు తక్కువ, ఒకదానికి ఎక్కువ. తక్కువదైతే ఒక్క మనిషి హాయిగా తొక్కుకోవచ్చు, బండి బాగా సాగుతుంది. ఎక్కువదైతే వెనక మనిషో బస్తానో ఉన్నా లాగుతుంది కానీ ఒక్కరే తొక్కితే కాళ్ళు ఊరికే తిరగడమే, బండి నడవదు. ఇక మీదట మార్చుకోవడానికి ఉండదు కనుక ఆలోచించి చెప్పమన్నాడు. "ఒక్కరికా అండీ, డబుల్స్ వెళ్తారా?"

ఒక్కరికే అన్నాను నేను. నా నోట్లోంచి ఆ మాట రావడమూ, మావారు "ఇద్దరికి వెయ్యి" అనడమూ ఒకేసారి జరిగాయి. షాపాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆ చేత్తో డబుల్స్ ఏమిటండీ అన్నాను, మెల్లగానే అన్నాను. పడితే ఇద్దరం పడతాం, ఈ వయసులో నా తుంటి ఎముక విరిగితే ఈయనకు మాత్రలెవరిస్తారు? ఇదంతా పైకి అనలేదు కానీ ఆయనకు తెలుసు. ఆయన మళ్ళీ అదే మాట, ఈసారి నావైపు చూసి అన్నారు. అన్ని నెలల్లో ఆయన నాతో పట్టుబట్టిన విషయం ఇంకొకటి లేదు. సరే వెయ్యి బాబూ అన్నాను. పాత చైనులో లంకెలు తీసేసి పొట్టి చేసి బిగించాడు. నేను చెబితే కుడివైపు పిడికి పాత ట్యూబు ముక్క చుట్టాడు, చెయ్యి జారకుండా.

మొదటి రోజు వీధిలోనే తూలి, కాలు ఆన్చి ఆగిపోయారు. నేను నర్సులా పక్కన నిలబడ్డాను, పట్టుకోలేదు. మర్నాడు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు. తరవాత పాల కేంద్రం దాకా. ఇప్పుడు రోజూ ఉదయం, బస్సులు మొదలవకముందే, చిలకలపూడి మీదుగా మంగినపూడి రోడ్డు మీద కొంతదూరం వెళ్ళి వస్తున్నారు. షాపాయన చెప్పినట్టే కాళ్ళు గిరగిరా తిరుగుతాయి, బండి పాకుతుంది. మోటారుబళ్ళ మీద పోయే కుర్రాళ్ళు, తాతగారూ గేరు మార్చండి అని అరిచి పోతారట. ఇంటికి వచ్చి ఆయనే చెప్పి నవ్వారు. పెదవి ఇంకా ఒక పక్కకే కదులుతుంది.

నేను ఎక్కలేదు. ఆయన అడగలేదు. ఆ కోపం కూడా రెండు రోజులుండి ఎటో పోయింది, మళ్ళీ మాత్రలు, బీపీ, కుక్కరు. అయినా ఒక్కోసారి గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తాను. మన కాలంలో రోడ్డు మీద ఒక్క సైకిలుకు ముందు బారు మీద పిల్లా, వెనక పెళ్ళాం, ఆమె ఒళ్ళో ఇంకో పిల్లా ఉండేవారు, ఎవరి బరువు ఎంతో ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు పిల్లలు కొనుక్కునే సైకిళ్ళకు వెనక క్యారియరే ఉండదు, పక్కింటి కొత్త దంపతులు చెరో స్కూటీ మీద చెరో వైపుకు వెళ్తారు. హాయిగానే ఉన్నారు, నేను కాదనను. నేనైతే మావారి ముఖం కంటే వీపునే ఎక్కువ చూసి ఉంటాను. ఏ చొక్కా ఎక్కడ చిరిగిందో, చెమట ఏ వేళకు ఎంతదాకా దిగుతుందో నాకు తెలిసినట్టు ఆయనకు కూడా తెలియదు.

గేటు దగ్గర ఆయన సైకిలెక్కాక ఎడమకాలు నేల మీద ఆన్చి వెంటనే కదలరు. చెయ్యి కుదురుకోవడానికని మొదట్లో అనుకున్నాను. కాదు. అన్నేళ్ళూ నేను ఒక్క గెంతుతో వెనక కూర్చోగానే టైరు కిందికి అణిగేది, అలా అణిగినట్టు తెలిశాకే ఆయన తొక్కడం మొదలుపెట్టేవారు, వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదు. ఇప్పుడూ అలాగే ముందుకు చూస్తూ, దానికోసం ఆగుతారు. ఎంతసేపు ఆగుతారో చూద్దామని ఒకరోజు నేను కదలకుండా నిలబడ్డాను. ఆయనా కదల్లేదు. అప్పటినుంచి రోజూ వెనక నిలబడి, రెండు చేతులూ క్యారియరు మీద పెట్టి, నా బరువంతా వేసి ఒక్కసారి కిందికి నొక్కుతాను. ఆయన వెళ్ళిపోతారు. అది నేను కాదనీ, నా చేతులేననీ ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు.